అందరూ ఆహ్వానితులే: ఆ మాటకు కట్టుబడేలా మీ సంఘం స్వాగత వాక్యం రాసుకోవడం ఎలా

మా ఊళ్లో చర్చివాళ్లు (చర్చిని మేము గుడి అనే అంటాం) ఉజ్జీవ సభలు పెట్టినప్పుడల్లా గోడల మీద పసుపు రంగు పోస్టర్లు పడేవి. అడుగున ఎర్ర అక్షరాలతో ‘అందరూ ఆహ్వానితులే’ అని ఉండేది. మా పెద్దమ్మ కొడుకు, నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు, మైదా పిండి ఉడకబెట్టి జిగురు చేసి ఆ పోస్టర్లు అంటించేవాడు. గుడిలో కీబోర్డు వాయించేది కూడా వాడే. వాడికి పంతొమ్మిదేళ్లప్పుడు వాడి నడక గురించీ, మాట తీరు గురించీ, వాడి పుస్తకంలో దొరికిన ఒక ఉత్తరం గురించీ కమిటీలో చర్చ పెట్టారు. ఇక కీబోర్డు ముట్టుకోవద్దన్నారు. ఆ తర్వాతి ఆదివారం నుంచి వాడు గుడికి రాలేదు.

2016లో నేను మినియాపోలిస్ నుంచి వాడికి ఫోన్ చేసి, మా చర్చి ముందు ‘అందరికీ స్వాగతం’ అని కొత్త బోర్డు పెట్టామని సంబరంగా చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “మన గుడి పోస్టర్ మీద ఉండేదీ అదే కదక్కా. జిగురు నేనే పూశాను” అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాతి వారమే మా పాస్టరమ్మ దగ్గరకు వెళ్లి బోర్డు మీద ఉన్న మాటకు అర్థం ఏమిటో, ఆ ‘అందరి’లో గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఉన్నారో లేదో సంఘమంతా కూర్చుని తేల్చుకుని, దాన్ని స్వాగత వాక్యంగా రాసుకోవాలని అడిగాను. అలా మొదలైన పని పద్నాలుగు నెలలు పట్టింది. ఏడుగురి కమిటీలో నేనొకదాన్ని. ఇప్పుడు అమెరికాలోని తెలుగు సంఘాల వాళ్లు, గుంటూరు, రాజమండ్రి వైపు నుంచి కొందరు యువ పాదిరి గార్లు “ఎలా చేశారమ్మా?” అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

నేను పుట్టింది గుంటూరు జిల్లా లూథరన్ కుటుంబంలో. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారి పేరు వినకుండా మా వైపు ఏ పిల్లా పెరగదు. అదే హయ్యర్ గారు అమెరికా తిరిగి వెళ్లి, 1860లో మినెసోటా సినడ్ (ఇప్పుడు నేనుండే రాష్ట్రంలోని లూథరన్ సంఘాల కూటమి) ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడయ్యారని, డెబ్బై ఏళ్లు దాటాక మళ్లీ తెలుగు నేలకు వచ్చారని ఇక్కడికి వచ్చాకే తెలుసుకున్నాను. నేను వెళ్లే చర్చి ఇ.ఎల్.సి.ఎ. అనే అమెరికా లూథరన్ సంఘానికి చెందింది. మొదటి ఆదివారం విశ్వాస ప్రమాణం చెబుతుంటే నా పెదవులు వాటంతట అవే తెలుగులో కదిలాయి.

ముందు మీ నమ్మకం సంగతి తేల్చుకోండి

‘ప్రోగ్రెసివ్ చర్చి’ అనగానే మనవాళ్లలో చాలామందికి బైబిల్ పక్కన పెట్టేసిన చోటు అనిపిస్తుంది. మా అమ్మ కూడా మొదట “అక్కడ ప్రార్థన చేస్తారా?” అని అడిగింది. చేస్తాం. అపొస్తలుల విశ్వాస ప్రమాణం చెబుతాం, చంటిపిల్లలకు బాప్తిస్మం ఇస్తాం, ప్రతి ఆదివారం సంస్కారం, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. మా లూథరన్ సంఘాలకు మూలమైన మార్టిన్ లూథర్ గారి మాటల్లో మా సంఘం గట్టిగా పట్టుకున్నది ఒకటే: దేవుడు మనల్ని చేర్చుకునేది కృప వల్ల, మన యోగ్యత వల్ల కాదు. మిగతావన్నీ ఆ ఒక్క నమ్మకంలో నుంచే వచ్చాయి. నా యోగ్యత చూడకుండా నన్ను చేర్చుకున్న బల్ల దగ్గర నిలబడి ఇంకొకరి యోగ్యత అడగడానికి నేనెవరిని?

బైబిల్ విషయానికి వస్తే, లేఖనాన్ని క్రీస్తు పడుకున్న పశువుల తొట్టితో పోల్చాడు లూథర్. తొట్టిని గౌరవిస్తాం, ఆరాధించేది మాత్రం అందులో ఉన్న శిశువును. అందుకే ఒక వాక్యం చదివినప్పుడు అది ఎవరికి, ఎప్పుడు, ఎందుకు రాశారని అడుగుతాం. సైన్సుతో మాకు గొడవ లేదు. సందేహం చెప్పుకున్నవాళ్లను విశ్వాసం తక్కువైనవాళ్లని అనం. ఇక్కడి లూథరన్లు 1970 నుంచే స్త్రీలకు పాదిరి అభిషేకం ఇస్తున్నారు. తెలుగు నేల కూడా ఈ విషయంలో వెనకబడి లేదు. దక్షిణ ఇండియా సంఘానికి (సి.ఎస్.ఐ.) మొట్టమొదటి మహిళా బిషప్ మన నంద్యాల డయోసిస్‌లోనే, 2013లో, ఎగ్గోని పుష్పలలిత గారు.

పొరుగువాడి న్యాయం కూడా ఆరాధనలో భాగమే అనుకుంటాం. మా చర్చి నిలబడిన నేల ఇక్కడి ఆదివాసులైన డకోటా ప్రజలది. 1862 డిసెంబర్ 26న ఇదే రాష్ట్రంలో, మంకాటో ఊళ్లో, 38 మంది డకోటా పురుషులను ఒకేసారి ఉరి తీశారు. ఆ వారం క్రిస్మస్ పాటలు పాడిన క్రైస్తవులు చుట్టుపక్కల ఉన్నారు. ఆ సంగతి ఏటా ఆ రోజున ప్రార్థనలో చదువుతాం.

ఇవన్నీ మీ సంఘం ఒప్పుకోవాలని చెప్పడం లేదు. రాయడం మొదలుపెట్టే ముందు, మేము చేర్చుకోవడానికి కారణం మా మంచితనమా, కృపా అని మీలో మీరు తేల్చుకోండి. మంచితనం పేరు మీద రాసిన స్వాగతం మొదటి గొడవకే చిరిగిపోతుంది.

కమిటీలో ఎవరుండాలి

ఐదుగురు నుంచి ఏడుగురు చాలు. పాదిరి గారు ఉండవచ్చు గానీ అధ్యక్షత ఆయనకు వద్దు. ఆయన మోస్తే అది ఆయన పనే అవుతుంది, ఆయనకు బదిలీ అయిన రోజున ఆయనతో పాటే పోతుంది. ఉత్సాహం ఉన్నవాళ్లనే తీసుకోకండి. మా ఏడుగురిలో ఒక పెద్దాయన మొదటి రోజే “నాకిది ఇష్టం లేదు, కానీ కూర్చుంటాను” అన్నారు. కమిటీకి అందరికంటే పనికొచ్చిన మనిషి ఆయనే. ఆయన అడిగిన ప్రశ్నలన్నీ తర్వాత సంఘం అడిగింది. అప్పటికి మా దగ్గర జవాబులున్నాయి.

ఎవరి గురించి రాస్తున్నారో వాళ్లు గదిలో లేకుండా రాయకండి. అలాగని సంఘంలో ఉన్న ఒక అబ్బాయిని ‘నువ్వు అలాంటివాడివి కదా, వచ్చి చెప్పు’ అని పిలవడం ఘోరం. ఎవరి సంగతీ వాళ్లు తమంతట తాము చెప్పేదాకా మీ నోటి నుంచి రాకూడదు. ఇది మొదటి సమావేశంలోనే రాసుకుని సంతకాలు చేయండి. మన ఊళ్లలో ఒక మాట బయటపడితే ఇల్లు, చదువు, ఒక్కోసారి ప్రాణం పోతాయి. మేము బయటి సంఘాల నుంచి ఇద్దరిని పిలిచాం, దారి ఖర్చులిచ్చాం, వాళ్లు చెప్పింది రాసుకున్నాం.

గుడిని కొత్తవాళ్ల కళ్లతో చూడండి

ఇది ఒక్క ఆదివారం పని. మీ చర్చికి ఎప్పుడూ రాని స్నేహితుణ్ణి పిలిచి, మీకు తెలిసినట్టు పలకరించకుండా వదిలేయండి. తర్వాత టీ తాగుతూ ఎక్కడెక్కడ ఇబ్బంది పడ్డారో అడగండి. మా చర్చిలో బయటపడినవి చిన్నవే. వీల్‌చైర్ దారి వెనక వైపు చెత్త డబ్బాల పక్కన ఉంది. పాటల పుస్తకంలో అక్షరం సన్నం. కానుక పళ్లెం వచ్చినప్పుడు కొత్తవాళ్లకు టెన్షన్. గోధుమ పడనివాళ్లకు సంస్కారంలో వేరే రొట్టె ఉందని ఎవరూ చెప్పలేదు.

తెలుగు ఊరి గుడి అయితే ప్రశ్నలు వేరు. చాపల మీద ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు కూర్చుంటారు కదా. ఒక హిజ్రా గుమ్మంలోకి వస్తే ఎటు కూర్చోవాలి? ఆమె ఎటు కూర్చుంటే అటు జరిగి చోటిచ్చేది ఎవరు? భర్త పోయిన ఆవిడను పెళ్లి ఆరాధనలో ముందు వరసలోకి పిలుస్తారా? విడాకులు తీసుకున్న అమ్మాయి సండే స్కూల్లో పాఠం చెప్పవచ్చా? ఒకే కప్పులో సంస్కారం ఇస్తే ఎవరి తర్వాత తాగడానికి ఎవరు వెనకాడతారు? శ్మశానంలో ఎవరికెక్కడ చోటిస్తారు? వీటికి మీ సంఘంలో రాసిన నియమాలు ఉండవు. అందరికీ తెలిసిన నియమాలు మాత్రం ఉంటాయి. వాటిని కాగితం మీద పెట్టండి. రాసి చూసుకుంటే సిగ్గేస్తుంది. ఆ సిగ్గు నుంచే పని మొదలవ్వాలి.

ముందు వినండి, తర్వాత చదవండి

మేము చేసిన అన్ని పనుల్లో ఫలితం ఎక్కువగా ఇచ్చింది ఇద్దరిద్దరు కూర్చుని మాట్లాడుకోవడం. కమిటీలో ఒక్కొక్కరం పదిహేను ఇళ్లకు వెళ్లాం. ముక్కాలు గంట సమయం. అడిగేవి మూడే: మీరు ఈ సంఘంలోకి ఎలా వచ్చారు? ఎప్పుడైనా ఎక్కడైనా మిమ్మల్ని బయట నిలబెట్టారా? ఈ పని గురించి మీకు భయం ఏమిటి? వాదించకూడదు, బైబిల్ తెరవకూడదు, పక్కింటివాళ్లు ఏమన్నారో చెప్పకూడదు. కాఫీ ఇస్తే తాగాలి.

నాకు వచ్చిన ఇళ్లలో ఒకటి ఎనభై నాలుగేళ్ల ఒక నార్వే సంతతి అమ్మమ్మది. ఆవిడ ఈ పనికి తప్పకుండా అడ్డం పడతారని అందరం అనుకున్నాం. మూడో ప్రశ్న దాకా పోనే లేదు. రెండో ప్రశ్నకే ఆవిడ లేచి లోపలికి వెళ్లి ఒక ఫోటో తెచ్చారు. ఆమె తమ్ముడు. 1991లో ఎయిడ్స్‌తో వేరే ఊళ్లో చనిపోయాడు. సంఘంలో ఎవరికీ చెప్పలేదు, సమాధి ఆరాధన కూడా ఇక్కడ చేయించలేదు. “పాతికేళ్లుగా ఆదివారం ప్రార్థనలో వాడి పేరు మనసులోనే చెప్పుకుంటున్నాను” అన్నారు. నేను నా తమ్ముడి సంగతి చెప్పాను. ఇద్దరం చాలాసేపు అలాగే కూర్చున్నాం. సంఘం ఏమనుకుంటుందో మీకు తెలుసని అనుకోకండి. ఇళ్లకు వెళ్లండి.

ఇళ్లు తిరిగాకే బైబిల్ స్టడీ పెట్టండి. ఆరు వారాలు చాలు. మాకు బాగా ఉపయోగపడిన వరస చెబుతాను. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం మొదటి వచనంతో మొదలుపెట్టండి. మర్మాంగానికి గాయమైనవాడు, అంటే నపుంసకుడు, యెహోవా సమాజంలో చేరకూడదని అక్కడ ఉంది. తర్వాత యెషయా 56కు రండి. నపుంసకులు ‘నేను ఎండిన చెట్టును’ అనుకోనక్కర్లేదని, వాళ్లకు కొడుకులు, కూతుళ్ల కంటే శ్రేష్ఠమైన పేరు తన ఇంట్లోనే ఇస్తానని దేవుడే అంటాడు. ఆ తర్వాత అపొస్తలుల కార్యములు 8. ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో చదువుకుంటున్నది ఆ యెషయా గ్రంథమే. దారిలో నీళ్లు కనబడగానే, తనకు సువార్త చెబుతున్న ఫిలిప్పును అడుగుతాడు, ‘నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి?’ అని. ఫిలిప్పు కమిటీ వేయలేదు. ఇద్దరూ నీళ్లలోకి దిగారు. బైబిల్ లోపలే ఒక తలుపు మూసి ఉండటం, దేవుడు దాన్ని తెరవడం, ఒక మనిషి అందులో నుంచి నడిచి రావడం మూడు వారాల్లో కళ్ల ముందు కనబడుతుంది. మా కమిటీ పెద్దాయన మూడో వారం చివర “ఆటంకమేమి” అని రెండుసార్లు తనలో తాను అనుకున్నారు.

స్వలింగ సంబంధాలను తప్పుపట్టడానికి చూపించే కఠినమైన వచనాలను దాటేయకండి. లేవీయకాండం 18, రోమా 1, మొదటి కొరింథీ 6 చదవాల్సిందే. మీరు దాటేస్తే ఎదుటివాళ్లు అవే చదువుతారు. కొరింథీ పత్రికలోని ఆ గ్రీకు మాటల అర్థం మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదని ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక మాటకు అసలు అర్థం ‘మెత్తనివాళ్లు’. మన పాత తెలుగు బైబిల్‌లో దాన్ని ‘ఆడంగితనముగలవారు’ అన్నారు. ‘ఆడంగి’ అన్నది మా స్కూలు గ్రౌండులో నా తమ్ముడిని పిలిచిన మాట. వారమంతా స్కూల్లో పడిన ఆ మాట ఆదివారం పుల్పిట్ మీద నుంచి దేవుని వాక్యంగా వినబడితే పన్నెండేళ్ల పిల్లాడికి ఎలా ఉంటుందో, తెలుగులో ఈ స్టడీ నడిపేవాళ్లు ఆ వారం తప్పకుండా మాట్లాడాలి.

వాక్యం రాసేటప్పుడు

మా మొదటి డ్రాఫ్ట్ ఒకటే లైను: ‘దేవుడు అందరినీ ప్రేమిస్తాడు, మేమూ అందరినీ ఆహ్వానిస్తాం.’ చదివితే హాయిగా ఉంది. కానీ బయట నిలబెట్టినవాళ్లకు ‘అందరూ’ అన్న మాట వినబడదు. ఆ అందరిలో తాము లేమని వాళ్లకు ఒకసారి తెలిసిపోయింది. వాళ్లు తమ పేరు కోసం చూస్తారు. అందుకే పేర్లు రాయాలి. లూథరన్ సంఘాల కోసం రికన్సైలింగ్ ఇన్ క్రైస్ట్ అనే కార్యక్రమం ఇక్కడ 1980ల నుంచి ఉంది. దాన్ని నడిపే సంస్థ మొదలైంది కూడా మినియాపోలిస్‌లోనే, 1974లో. లైంగికత, జెండర్ విషయం వాక్యంలో స్పష్టంగా పేరు పెట్టి రాయాలన్నది ఆ కార్యక్రమంలో చేరడానికి షరతు. మొదట నాకది మొండిపట్టులా అనిపించింది. నా తమ్ముడి మాట గుర్తొచ్చాక ఎందుకో అర్థమైంది.

తెలుగులో రాసేవాళ్లు రెండు చిన్న మాటల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఒకటి ‘కూడా’. ‘ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను కూడా చేర్చుకుంటాం’ అని రాస్తే ఇల్లు మనది, వాళ్లు చుట్టాలు అని చెప్పినట్టే. ఇల్లు క్రీస్తుది. రెండోది ‘గానీ’. ‘ప్రేమిస్తాం గానీ’ అని మొదలైన వాక్యంలో వినేవాడికి గానీ తర్వాతదే మిగులుతుంది. ఇక పేపర్లలో వాడే ‘స్వలింగ సంపర్కులు’ అన్న మాట మనిషిని పడకగదికి కుదించేస్తుంది. గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ అన్న మాటలు ఇప్పుడు మన పిల్లలందరికీ తెలుసు, వాటినే రాయండి. స్వలింగ ప్రేమికులు అన్నా పర్వాలేదు. ఏ మాట వాడాలో వాళ్లనే అడగడం అన్నిటికంటే మంచిది.

మా వాక్యంలో ‘కులం’ అన్న మాట ఉంది. అది నేను పట్టుబట్టి పెట్టించింది. కమిటీలో మిగతా ఆరుగురూ అమెరికన్లు. “ఇక్కడ దాని అవసరం ఏముంది?” అని మర్యాదగానే అడిగారు. మా ఊళ్లో మాలపల్లెలో ఒక గుడి, మాదిగపల్లెలో ఒక గుడి అని చెప్పాను. రెండిటికీ మిషన్ ఒకటే, పాటల పుస్తకం ఒకటే, పాదిరి గారు ఒకరే. ఆయన సైకిల్ మీద అటొకసారి, ఇటొకసారి వెళ్లేవారు. మా అమ్మమ్మ ఆ రెండో గుడిలో నీళ్లు తాగేది కాదు. ఎంత ప్రేమగల అమ్మమ్మ గురించి ఇది చెబుతున్నానో నాకు తెలిసే చెబుతున్నాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళితులు క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోతుందని, ఆంధ్రలో వాళ్లను బీసీ-సీలో పెట్టారని, హోదా పోయినా ఊళ్లో కులం పోలేదని చెప్పాను. ఇక్కడి సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో, తెలుగువాళ్ల పుట్టినరోజు పార్టీల్లో ఇంటిపేరు అడిగి, ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు అని అడిగి కులం తెలుసుకుంటారని కూడా చెప్పాను. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించినప్పుడు మా కమిటీ పెద్దాయన ఆ వార్త కత్తిరించి నాకు పోస్టులో పంపారు.

చివరికి మేము ఒప్పుకున్న వాక్యాన్ని తెలుగులో ఇలా రాసుకున్నాను. మీకు పనికొస్తే తీసుకోండి, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి:

“క్రీస్తు మమ్మల్ని చేర్చుకున్నాడు. ఆయన బల్ల దగ్గర మేము ఒకరికొకరం చోటిస్తాం. మీ కులం, రంగు, భాష, దేశం ఏదైనా, మీ చేతిలో కాగితాలున్నా లేకపోయినా. మీరు స్త్రీ అయినా, పురుషుడైనా, ట్రాన్స్‌జెండర్ అయినా, గే అయినా, లెస్బియన్ అయినా. పెళ్లయినా, కాకపోయినా, విడిపోయినా, తోడు పోగొట్టుకున్నా. ఒంట్లోనో మనసులోనో ఏ కష్టం ఉన్నా. విశ్వాసం నిండుగా ఉన్నా, సందేహంతో వచ్చినా ఈ బల్ల మీది. బాప్తిస్మం, సంస్కారం, వివాహం, సమాధి, పరిచర్య, నాయకత్వం ఇక్కడ అందరికీ ఒక్కటే. మేము ఈ మాట తప్పితే మాకు చెప్పండి.”

‘నాయకత్వం’, ‘వివాహం’ అన్న రెండు మాటల మీదే మూడు సమావేశాలు పట్టాయి. కుర్చీ ఇచ్చి మైకు ఇవ్వకపోతే అది స్వాగతం అవుతుందా అని ఒక కాలేజీ అమ్మాయి అడిగింది. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. మాటలు ఉండిపోయాయి.

భారతదేశంలోని సంఘాలు వివాహం అన్న మాట రాయలేవు. 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు సెక్షన్ 377 కింద పెద్దల పరస్పర సమ్మతి సంబంధం నేరం కాదంది, 2014లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపు హక్కును ఒప్పుకుంది, కానీ 2023లో స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేదు. మీ పైనున్న సినడ్, డయోసిస్ నియమాలు కూడా ఉంటాయి. నిలబెట్టుకోలేనిది రాయకండి. ‘మా గుడిలో కులం అడగం, ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు, ఎవరినీ పాట నుంచి, పరిచర్య నుంచి తీసేయం’ అని మూడు ముక్కలు రాసి వాటి మీద నిలబడగలిగితే అదే పెద్ద పని. నా తమ్ముడికి ఆ మూడో ముక్క ఒక్కటి ఉన్నా సరిపోయేది.

ఓటు

ఓటు తొందరగా పెట్టకండి. యాభై ఒక్క శాతంతో గెలిస్తే సగం సంఘం ఓడిపోయినట్టు. మూడొంతులకు పైగా మద్దతు ఉందని ఇళ్లు తిరిగినవాళ్లకు నమ్మకం కలిగాకే పెట్టాలని మేము ముందే అనుకున్నాం. రహస్య బ్యాలెట్ పెట్టండి. చేతులెత్తమంటే మొహమాటం గెలుస్తుంది.

ఇ.ఎల్.సి.ఎ. 2009 ఆగస్టులో మినియాపోలిస్‌లోనే ఈ విషయం తేల్చుకుంది. మానవ లైంగికత మీద రాసుకున్న ప్రకటనకు మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 676 అనుకూలం, 338 వ్యతిరేకం. లెక్క వేస్తే సరిగ్గా మూడింట రెండు వంతులు. ఒక్క ఓటు తగ్గినా పోయేది. ఆ ప్రకటనలో నాకు నచ్చింది ఇంకొకటుంది. ఈ విషయంలో సంఘంలో నాలుగు రకాల అభిప్రాయాలున్నాయని, నాలుగూ మనస్సాక్షితో పట్టుకున్నవేనని అందులోనే రాసుకున్నారు. అయినా ఆ తర్వాత వందల సంఘాలు విడిపోయాయి. ఇది నొప్పి లేకుండా అయ్యే పని అని నేనెవరికీ చెప్పను.

మా దగ్గర పదిమందిలో తొమ్మిదిమంది అవునన్నారు. ఒక కుటుంబం వెళ్లిపోయింది. వాళ్లావిడ నాకు ఇక్కడి మొదటి చలికాలంలో మంచులో నడవడానికి బూట్లు కొనిచ్చిన మనిషి. వెళ్లొద్దని ఇంటికెళ్లి అడిగాను. వాళ్ల కారణం వాళ్లు చెప్పారు, ఏడ్చాను, వచ్చేశాను. ఇప్పటికీ క్రిస్మస్‌కు పులిహోర పంపుతాను, ఆవిడ డబ్బా కడిగి బిస్కెట్లు పెట్టి తిరిగి పంపుతుంది. కాదని ఓటేసి సంఘంలోనే ఉండిపోయినవాళ్లను ఎవరూ వేలెత్తి చూపకుండా కమిటీ చూసుకోవాలి. వాళ్లకు కమిటీల్లో చోటు తగ్గితే మీరు రాసుకున్న వాక్యాన్ని మీరే తప్పినట్టు.

ఓటు తర్వాతి ఆదివారాలు

ఎక్కువ సంఘాలు ఇక్కడే ఆగిపోతాయి. వాక్యాన్ని ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తారు, అయిపోయిందనుకుంటారు.

గుమ్మం దగ్గర నిలబడేవాళ్లకు ముందు నేర్పండి. కొత్తవాళ్లను లేపి నిలబెట్టి పేరు, ఊరు చెప్పమనడం మనకు అలవాటు. అది మానేయండి. దాక్కుని కూర్చోవాలనుకునేవాళ్లకు వెనక బెంచీ వదిలేయండి. ‘మీ ఆయన ఏం చేస్తారు?’, ‘పెళ్లయిందా?’, ‘ఇంటిపేరు ఏమిటి?’ ఈ మూడు ప్రశ్నలు గుమ్మంలో నిషేధం. ‘కాఫీ తాగుతారా?’ చాలు.

సండే స్కూల్ టీచర్లతో విడిగా కూర్చోండి. పిల్లలు ఒకరినొకరు ఏ మాటలతో ఏడిపిస్తున్నారో వాళ్లకే తెలుసు. పాస్టర్ ఖాళీ వచ్చినప్పుడు గే, లెస్బియన్ అభ్యర్థులనూ మిగతావాళ్లతో సమానంగా చూస్తామని మినిట్స్‌లో రాయించండి. బడ్జెట్‌లో దీనికి ఒక లైను పెట్టండి. మా దగ్గర ఇంట్లోంచి గెంటేసిన పిల్లలకు ఆశ్రయమిచ్చే చోటుకు నెలనెలా కొంత వెళుతుంది. డబ్బు పెట్టని విలువ ఎన్నాళ్లో నిలవదు.

ఏడాదికొకసారి వాక్యాన్ని ఆరాధనలో గట్టిగా చదవండి. మేము జనవరి చివరి ఆదివారం చదువుతాం. చదివాక ఐదు నిమిషాలు మౌనం. తర్వాత ఈ ఏడాది ఏ మాట తప్పామో ఎవరైనా లేచి చెప్పవచ్చు. మొన్న జనవరిలో వీల్‌చైర్‌లో వచ్చే ఒక పెద్దాయన చెయ్యెత్తారు. లిఫ్ట్ చెడిపోయి నాలుగు నెలలైందని, కింద హాల్లో జరిగే భోజనాలకు అప్పటి నుంచి తాను రాలేకపోయానని, ‘ఒంట్లో ఏ కష్టం ఉన్నా’ అన్న మాట చదువుతుంటే తన గొంతు పెగలలేదని అన్నారు. లిఫ్ట్ చెడిపోయిందని అందరికీ తెలుసు. ఆయన రావడం లేదని మాలో ఒక్కరూ గమనించలేదు. నేనూ గమనించలేదు.

ఆ రోజే భోజనాలు పైకి మార్చాం. గుడి లోపలే, బల్లకు ఎదురుగా మడత బెంచీలు వేసి తిన్నాం. లిఫ్ట్ మే నెలలో బాగైంది. పెద్దాయనకు పైనే బాగుందట, బెంచీలు ఇంకా తీయలేదు.